ఆదివారం విన్న వాక్యం సోమవారం ఎందుకు గుర్తు రాదు?

వేకువచుక్క
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. మొన్న ఆదివారం మా చర్చి పాస్టరు అయ్యగారు యాకోబు 1:19 మీద చెప్పారు, వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికీ కోప్పడడానికీ నిదానించాలి అని. నాకోసమే చెప్తున్నట్టు అనిపించింది. నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. సోమవారం పొద్దున పదిన్నరకి ఒక ఫైలు కనపడలేదని ఆఫీసులో నా కింద పనిచేసే అమ్మాయి మీద అందరి ముందూ అరిచేశాను. తను ఏదో చెప్పబోతుంటే చెప్పనివ్వలేదు. మధ్యాహ్నం ఆ ఫైలు నా సొరుగులోనే దొరికింది, వేరే కాగితాల అడుగున.

ఆ వాక్యం మళ్లీ ఎప్పుడు గుర్తొచ్చిందంటే, రాత్రి ప్రార్థనకి కూర్చుని నోట్‌బుక్ తెరిచినప్పుడు. ఆ రెండు గీతలు చూసి ఏడుపొచ్చింది. ఒక్క రోజు కూడా నిలవలేదు. నేను రోజూ పొద్దున్నే బైబిలు చదువుతాను, దేవుడి మాట మీరాలని నాకు ఎంతమాత్రం లేదు. గుర్తుంటే పాటిస్తాను కదా, ఆ సమయానికి గుర్తే రాదు. మీరంతా ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

కొండమీద_దీపం
కంఠత పట్టండి సిస్టర్. రాసుకుంటే పుస్తకంలో ఉంటుంది, కంఠత పడితే మనలో ఉంటుంది. "నీ యెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొని యున్నాను" అని 119వ కీర్తనలో ఉంది కదా. అసలు ఆ కీర్తన కట్టిన తీరు చూడండి. 22 భాగాలు, భాగానికి 8 వచనాలు, మొత్తం 176. హెబ్రీలో ఒక్కో భాగం వాళ్ల అక్షరమాలలో ఒక్కో అక్షరానిది, ఆ భాగంలో ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. నోటికి రావాలనే అలా కట్టారని నా నమ్మకం. నేను వారానికి ఒక్క వచనమే పెట్టుకుంటాను, ఎక్కువ పెట్టుకుంటే ఏదీ నిలవదు.

మార్తపని
నేను ఫోన్‌లో అలారం పెట్టుకున్నా. రోజుకి మూడుసార్లు, మోగినప్పుడల్లా ఆ రోజు వచనం తెర మీద కనపడేలా. మొదటి వారం చాలా బాగుంది. రెండో వారానికి చూడకుండానే వేలు దానంతట అదే వెళ్లి ఆపేస్తోంది. కాబట్టి వేకువచుక్క గారూ, మీరొక్కరే కాదు.

గోధుమగింజ
మనుషులు మరిచిపోతారని దేవుడికి తెలుసు. సంఖ్యాకాండము 15లో ఇశ్రాయేలీయుల్ని బట్టల అంచులకు కుచ్చులు చేసుకుని వాటి మీద నీలిసూత్రం తగిలించుకోమన్నాడు, దాన్ని చూసి ఆజ్ఞలన్నీ గుర్తు చేసుకోవాలని. యొర్దాను దాటాక నది మధ్య నుంచి 12 రాళ్లు తెచ్చి నిలబెట్టమన్నాడు, రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే చెప్పడానికి. అంటే కళ్లకి కనపడే గుర్తు ఒకటి కావాలి మనిషికి. మార్తపని గారి అలారం తప్పేమీ కాదు, అది ఈ కాలపు నీలిసూత్రం అనుకోండి.

బెరయవాడు
కుచ్చుల సంగతి ఎత్తారు కాబట్టి మత్తయి 23:5 కూడా చూడండి. ఆనాటి మతపెద్దలైన శాస్త్రులూ పరిసయ్యులూ రక్షరేకులు (వాక్యాలు రాసి నుదుటికీ చేతికీ కట్టుకునేవి) వెడల్పు చేసుకున్నారు, చెంగులు పెద్దవి చేసుకున్నారు. గుర్తు చేసుకోవడానికి ఇచ్చిందాన్నే పదిమందికి చూపించుకోవడానికి వాడుకున్నారు. గుర్తు ఉన్నంత మాత్రాన విధేయత రాదు.

గోధుమగింజ
ఒప్పుకుంటా. కానీ వాళ్లు పాడుచేశారని ఇచ్చినవాడు తప్పు చేసినట్టు కాదుగా. ద్వితీయోపదేశకాండము 6:8లో ఆజ్ఞలు చేతికి కట్టుకోవాలి, కన్నుల నడుమ బాసికంలా ఉండాలి అని ఉంది. నేనెప్పుడూ దీని గురించే ఆలోచిస్తుంటాను. చేతికి కట్టుకున్నది పని చేస్తున్నంతసేపూ మనకి కనపడుతుంది. నుదుట కట్టుకున్నది మనకి కనపడదు, ఎదుటివాళ్లకి కనపడుతుంది. రెండూ కావాలి.

సాదామనిషి
ఈ నుదుటి సంగతి నాకెప్పుడూ తట్టలేదు. రాసి పెట్టుకున్నా.

కృప_చాలు
మీరంతా మళ్లీ ధర్మశాస్త్రం కిందికే వెళ్తున్నారు. మనం ధర్మశాస్త్రానికి లోనైనవాళ్లం కాదు, కృపకే లోనైనవాళ్లం అని రోమా 6:14లో ఉంది. అలారాలూ లిస్టులూ పెట్టుకుని ఇవాళ తప్పానా, రేపు తప్పుతానా అని టెన్షన్ పడుతూ బతకడానికి క్రీస్తు చనిపోలేదు. సిస్టర్, మీరు అరిచారు, ప్రభువును క్షమించమని అడిగారు, ఆయన క్షమించాడు. అక్కడితో వదిలేయండి. మిమ్మల్ని మీరు కొట్టుకోకండి.

బెరయవాడు
అదే వచనం కింద 15 కూడా చదవండి బ్రదర్. కృప కింద ఉన్నామని పాపం చేద్దామా అంటే, అదెన్నటికిని కూడదు అన్నాడు పౌలు.

కృప_చాలు
పాపం చెయ్యమని నేనెక్కడ అన్నాను? భయంతో పాటించడం వేరు, ప్రేమతో పాటించడం వేరు అంటున్నా. నేను చిన్నప్పుడు పెరిగిన చోట ఆదివారం ప్రసంగం అయ్యాక పిల్లల్ని నిలబెట్టి ఏం విన్నావో చెప్పమనేవాళ్లు, చెప్పలేకపోతే అందరి ముందూ చీవాట్లు. వాక్యం అంటేనే కడుపులో తిప్పేది నాకు. ఇరవై ఏళ్లు పట్టింది అందులోంచి బయటికి రావడానికి. అందుకే ఎవరైనా "గుర్తుందా, గుర్తుందా" అంటే నాకు తట్టుకోబుద్ధి కాదు.

కొండమీద_దీపం
అలా జరిగిందని తెలీదు అన్నా, క్షమించండి. నేను కంఠత పట్టమన్నది పరీక్ష కోసం కాదు.

లెక్కలమాస్టారు
కృప_చాలు గారు పడ్డ బాధ నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయినా వేకువచుక్క గారి ప్రశ్నలో ఒక చోట నాకు అభ్యంతరం ఉంది. "గుర్తుంటే పాటిస్తాను కదా" అన్నారు. అది నిజమేనా అని.

మన భాషలోనే దీనికి జవాబు ఉంది. "మా వాడు మాట వినడు" అంటాం. వాడికి చెవుడని కాదు, విన్నాడు, చెయ్యలేదు. మనకి వినడం అన్నా చెయ్యడం అన్నా ఒకే మాట. హెబ్రీలో కూడా అంతే, "ఓ ఇశ్రాయేలూ వినుము" అన్నచోట ఉన్న షెమా అనే మాటకి వినడం, లోబడడం రెండూ అర్థాలే. గుర్తు చేసుకోవడం కూడా అలాంటిదే. ఆదికాండము 8:1లో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు అని ఉంటుంది. అప్పటిదాకా మరిచిపోయాడని కాదు కదా. ఆ మాట వెంటనే, భూమి మీద గాలి విసిరేలా చేశాడు, నీళ్లు తగ్గాయి అని ఉంటుంది. జ్ఞాపకం చేసుకున్నాడు అంటే పని మొదలుపెట్టాడు అని.

పేతురుని చూడండి. కోడి కూసింది, ప్రభువు తిరిగి అతని వైపు చూశాడు, అప్పుడు "కోడి కూయకముందే నన్ను ఎరగనని మూడుసార్లు అంటావు" అని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది, బయటికెళ్లి సంతాపపడి ఏడ్చాడు. మాట గుర్తే ఉంది, అడుగున ఉంది. మంట దగ్గర నిలబడి నలుగురూ నువ్వూ వాళ్లలో ఒకడివే కదా అని అడుగుతున్నప్పుడు, ఆ మాట పైకి రావడం అతనికి ఇష్టం లేదు. నా అనుభవంలో చాలా మరుపులు ఇలాంటివే. జ్ఞాపకశక్తి లోపం కాదు, ఆ క్షణంలో అది గుర్తొస్తే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, అందుకని.

సాదామనిషి
మార్తపని గారూ, అలారానికి కోడికూత పెట్టుకుని చూడండి, ఈసారి చూడకుండా ఆపలేరు.

మార్తపని
పెట్టేశా ఇప్పుడే :) మా ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు.

రెండోకుమారుడు
లెక్కలమాస్టారు గారు చెప్పింది నా మీద జరిగింది, అందుకే రాస్తున్నా. నేను పనిచేసే చోట మా పైఅధికారి, తను ఎవరికి డబ్బులు ఇవ్వాలో వాళ్లు ఫోన్ చేస్తే "నేను లేనని చెప్పు" అంటారు. ఎదురుగా కూర్చునే. నాలుగేళ్లు చెప్పాను నేను. "సార్ బయటికెళ్లారండి" అని. ఆ నాలుగేళ్లూ "మీ మాట అవునంటె అవును, కాదంటె కాదు" అన్న వచనం నాకు నోటికి వచ్చు, సండేస్కూల్లో పిల్లలకి నేర్పించింది కూడా నేనే. ఆఫీసులో ఉన్నంతసేపూ ఒక్కసారి గుర్తు రాలేదు. నిజంగా రాలేదు, అబద్ధం చెప్పట్లేదు.

ఒక రోజు ఫోన్ ఎత్తితే అవతల ఒక పెద్దాయన. బాబూ, నువ్వు రోజూ ఇదే చెప్తున్నావు, ఆయన నిజంగానే లేరా అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి మా సార్ వైపు చూశాను, ఆయన చెయ్యి ఊపుతున్నారు, లేను లేను అని. అప్పుడు వచ్చింది ఆ వచనం. చెయ్యి తీసి "ఉన్నారండి, కానీ ఇప్పుడు మాట్లాడలేనంటున్నారు" అన్నాను. అంతే. ఫోన్ పెట్టాక చాలా మాటలు పడ్డాను. ఉద్యోగం పోతుందనుకున్నా, పోలేదు, నన్ను ఫోన్ దగ్గర నుంచి తీసేసి వేరే పని ఇచ్చారు. ఆ తర్వాత సంవత్సరం జీతం పెరగలేదు, అది కూడా చెప్పాలి.

కానీ ఒకటి గమనించాను. ఆ రోజు తర్వాత ఆ వచనం నాకు తరచూ గుర్తొస్తోంది. ఇంట్లో, బయట, చిన్న చిన్న వాటికి కూడా. ఒక్కసారి చేశాక దానికి దారి పడినట్టుంది.

వేకువచుక్క
చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది బ్రదర్. ఆ పెద్దాయన గొంతు నాకే వినపడినట్టుంది.

రాత్రిడ్యూటీ
అందరూ చాలా మంచి మాటలు చెప్పారు. నాదొక చిన్న ప్రశ్న. వేకువచుక్క గారూ, ఆ అమ్మాయికి సారీ చెప్పారా?

మార్తపని
ఇది అడగాలని నాకూ ఉంది, మొహమాటపడ్డా.

కృప_చాలు
ఆవిడని ఇరుకున పెట్టకండి.

రాత్రిడ్యూటీ
ఇరుకున పెట్టడానికి కాదన్నా. నేను నర్సుని. రాత్రి డ్యూటీలో అలసట ఎక్కువై ఎవరో ఒకరి మీద విసుక్కోవడం ఉంటుంది. ఒకసారి ఒక పేషంటు వాళ్లమ్మని గద్దించాను, ఊరికే మంచం దగ్గరికి వచ్చి వచ్చి అడుగుతోందని. తెల్లారి డ్యూటీ దిగి ఇంటికెళ్లి మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థన చేశా. రాత్రి మళ్లీ వెళ్లేసరికి మంచం ఖాళీ. పేషంటుని డిశ్చార్జ్ చేశారు. ఆవిడ ఎక్కడుంటుందో నాకు తెలీదు. దేవుడు క్షమించాడు, నమ్ముతున్నా. కానీ ఆవిడకి నా చివరి మాట ఆ గద్దింపే. అప్పటినుంచి "తర్వాత చెప్దాం" అన్నది మానేశా. అందుకే అడిగాను.

లెక్కలమాస్టారు
మత్తయి 5:23, 24లో కూడా క్రమం అదే. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. జ్ఞాపకం అనే మాట అక్కడ కూడా ఉంది చూడండి. గుర్తు రావడం కూడా ప్రార్థనలోనే వచ్చింది, వేకువచుక్క గారికి వచ్చినట్టే.

గోధుమగింజ
నిజమే, ఎప్పుడూ అలా చదవలేదు. నోట్‌బుక్ ముందు గుర్తొచ్చిందంటే దేవుడు గుర్తు చేశాడనే. యోహాను 14:26లో ఆదరణకర్త, అంటే పరిశుద్ధాత్మ, అన్నీ జ్ఞాపకం చేస్తాడని ప్రభువే చెప్పాడు. ఆలస్యంగా గుర్తొచ్చిందని బాధపడుతున్నారు గానీ, అది చెయ్యడానికి సరిపోయే సమయానికే వచ్చింది.

సాదామనిషి
యోసేపు జైల్లో ఉన్నప్పుడు, ఫరో రాజుకి పానపాత్ర అందించే పానదాయకుల అధిపతి కూడా అతన్ని మరిచిపోయాడు, తనకి మళ్లీ పదవి వచ్చాక. రెండేళ్లు. గుర్తొచ్చిన రోజు మాత్రం ఫరో ముందే "నేడు నా తప్పిదములను జ్ఞాపకము చేసికొనుచున్నాను" అని మొదలుపెట్టాడు. సుఖంగా ఉన్నప్పుడే మరుపు ఎక్కువ అని నాకు అనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండము 8 అంతా అదే, తిని తృప్తిపడి మంచి ఇళ్లు కట్టించుకున్నాక మరిచిపోతారు జాగ్రత్త అని. కష్టంలో మరిచిపోతారని చెప్పలేదు.

పొద్దువాలిన_వేళ
ఇప్పుడే ఈ చర్చ మొత్తం చదివాను. జ్ఞాపకశక్తి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా మామగారి సంగతి చెప్తాను. ఆయనకి మతిమరుపు జబ్బు, ఆరేళ్లయింది. నన్ను గుర్తుపట్టరు, ఎవరో దయగల మనిషి వచ్చి పనులు చేసిపెడుతోంది అనుకుంటారు. బైబిలు పుట్టుక నుంచి చదివిన మనిషి, ఇప్పుడు ఒక్క వచనం పూర్తిగా చెప్పలేరు, మధ్యలో ఆగిపోయి నా మొహం చూస్తారు. కానీ నేను కంచం తెచ్చి చేతికిస్తే తినరు. ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంటారు. "నువ్వు తిన్నావా అమ్మా" అంటారు. తిన్నానని చెప్పేదాకా ముట్టుకోరు. ఒక్కోసారి నిమిషంలోనే మరిచిపోయి మళ్లీ అడుగుతారు. మా అత్తగారు చెప్పారు, పెళ్లయినప్పటి నుంచీ ఆయన ఇంట్లో పనిచేసేవాళ్లు తినకుండా తినేవారు కాదట. ఎవరి కార్యాలు వాళ్లు మాత్రమే చూసుకోకూడదు అని ఫిలిప్పీ 2లో ఉంది కదా, దాని మీద ఎప్పుడో పట్టుబట్టి మొదలుపెట్టారట. ఆ వచనం పోయింది ఆయన దగ్గర నుంచి. పని ఉండిపోయింది.

అందుకని కంఠత పట్టడం వద్దని కాదు. పట్టినదాన్ని చేతిలోకి దించుకోకపోతే ఎలా ఉంటుందో నాకు రోజూ కనపడుతుంది.

కొండమీద_దీపం
నాకు మాట రావడం లేదు.

కృప_చాలు
ఇది నాకు నచ్చింది. ఇందులో భయం లేదు. తీతు 2లో కృప మనకి బోధిస్తుంది అన్నమాట ఉంది, అది ఇలా ఉంటుందేమో. నేను ముందు "అక్కడితో వదిలేయండి" అన్నాను సిస్టర్, దేవుడి దగ్గర అపరాధభావం వదిలేయమని నా ఉద్దేశం. ఆ అమ్మాయి సంగతి నేను ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

వేకువచుక్క
రెండు రోజులుగా రాయలేదు, క్షమించండి. రాత్రిడ్యూటీ గారి ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

చెప్పలేదు. బుధ, గురువారాలు రెండూ ఆ అమ్మాయి నా ఎదుటి వరసలోనే కూర్చుంది. ఫైళ్లు తెచ్చి ఇస్తోంది, మేడమ్ అంటోంది, కళ్లు మాత్రం ఎత్తడం లేదు. వచనం గుర్తుంది. రెండు రోజులూ గుర్తుంది. అయినా నోరు పెగల్లేదు. ఎందుకంటే నేను పెద్దదాన్ని, సారీ చెప్తే చులకన అవుతానేమో, అందరూ ఏమనుకుంటారో అని. లెక్కలమాస్టారు గారు అడిగింది ఇదే. గుర్తుంటే పాటిస్తానని రాశాను పైన. గుర్తుండి కూడా పాటించలేదు. ఇది నా గురించి నాకు తెలియని సంగతి, మీరు అడగకపోతే ఇంకా జ్ఞాపకశక్తి కోసమే ప్రార్థన చేస్తూ ఉండేదాన్ని.

రాత్రిడ్యూటీ
అక్కా, ఇంత నిజం రాయడం తేలిక కాదు.

రెండోకుమారుడు
నా పేరు ఊరికే పెట్టుకోలేదు. మత్తయి 21లో తండ్రి ద్రాక్షతోటలో పనికి వెళ్లమంటే ఇద్దరు కుమారుల్లో ఒకడు వెళ్లనని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. రెండోవాడు "అయ్యా, పోదును" అని పోలేదు. నాలుగేళ్లు నేను ఆ రెండోవాడినే. ఆలస్యంగానైనా తోటలోకి వెళ్లినవాడినే ప్రభువు మెచ్చుకున్నాడు. రెండు రోజులే కదా అక్కా, వెళ్లండి.

బెరయవాడు
ఒక్క మాట. అందరి ముందూ అరిచారన్నారు. సారీ కూడా అందరి ముందే చెప్పండి. గదిలోకి పిలిచి చెప్తే మీకు తేలిగ్గా ఉంటుంది, ఆ పిల్ల పోగొట్టుకున్నది మాత్రం తిరిగి రాదు.

మార్తపని
ముందు విడిగా చెప్పి, తర్వాత అందరి ముందూ చెప్తే బాగుంటుందేమో. ఒక్కసారే అందరి ముందూ అంటే ఆ అమ్మాయికి ఇబ్బంది.

పొద్దువాలిన_వేళ
మార్తపని గారి మాటే నా మాట. "నువ్వేదో చెప్పబోయావు, ఇప్పుడు చెప్పు, వింటాను" అని కూడా అనండి. వినడానికి వేగిరపడడం అక్కడ మొదలవుతుంది.

వేకువచుక్క
ఈ రోజు సెలవు పెట్టిందట తను. ఇప్పుడే ఫోన్ చేశాను. రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. నా పేరు చూసి భయపడి ఉంటుంది. "ఆఫీసు పని కాదమ్మా, నీకు క్షమాపణ చెప్పాలి, నీకు వీలైనప్పుడు చెయ్యి" అని మెసేజ్ పెట్టాను. సోమవారం పొద్దున వెళ్లగానే అందరి ముందూ చెప్తాను, ఫైలు నా సొరుగులోనే ఉందన్న సంగతితో సహా.

రాత్రిడ్యూటీ
ఇక ఇక్కడ చూడకండి అక్కా, ఫోన్ ఖాళీగా ఉంచండి. మేం ప్రార్థన చేస్తుంటాం.